తోడు కూడ విత్తనమే – బీరు ఈస్టును దాచి తిరిగి వాడుకొను విధానము

పంట బాగుగా పండవలెనన్న విత్తనము మంచిది కావలెనని రైతులకు వేరుగా చెప్పనక్కరలేదు. మంచి కంకులను ఎన్నుకొనుట, బెరుకులను ఏరివేయుట, ఎండబెట్టుట, గాదెలో పురుగు పట్టకుండ దాచుట – ఇవన్నియు మనకు తరతరములుగా తెలిసిన పనులే. అయితే కంటికి కనబడని విత్తనము కూడ ఒకటి కలదు. పాలలో మనము వేయు తోడు అట్టిది. దీనిని కొన్ని ప్రాంతములలో చేమిరి అందురు. రొట్టెపిండిని పొంగించునదియు, బార్లీ రసమును బీరుగా మార్చునదియు అయిన ఈస్టు కూడ అట్టి విత్తనమే.

ఒకమారు కాచి పులియబెట్టిన బీరును ఈ పాఠములో ఒక 'కాపు' అందుము. ఒక కాపులోని ఈస్టును తీసి, దాచి, మరియొక కాపునకు వాడుకొను పద్ధతి ఇచట వివరింపబడినది. ఈ విద్యలో ఆరితేరినవారు పరిశ్రమల యజమానులు కారు. నార్వే దేశపు పడమటి కొండలలోని సామాన్య రైతులు. వారు చేసిన పనికిని, మనము విత్తనము దాచుకొను పనికిని మూలసూత్రములు ఒక్కటే. ఆ సూత్రములు తెలిసినచో పెరుగు తోడు మొదలు రైజోబియం పొట్లము వరకు మన ఇంటను, పొలములోను ఉన్న ప్రాణముగల తోడులన్నిటిని కాపాడుకొనవచ్చును.

ముందుగా ఒక మాట. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో లైసెన్సు లేనిదే ఇంటియందు బీరుగాని ఇతర మద్యముగాని తయారుచేయుట ఎక్సైజు చట్టము ప్రకారము నేరము. కావున ఇది బీరు కాయుమని చెప్పు పాఠము కాదు. నార్వేలో సొంత వాడుకకు ఇంట బీరు కాచుకొనుటకు అనుమతి కలదు, అమ్ముకొనుటకు లేదు. బ్రిటనులో 1963 నుండియు, అమెరికాలో 1978లో వచ్చిన చట్టము వలనను ఇంటి వాడుకకు బీరు కాచుకొనుట సాధ్యమైనది. ఆ దేశములలో స్థిరపడిన మనవారికి ఇందలి వివరములు నేరుగా ఉపయోగపడును. ఇచటి రైతులకు ఇందలి సూత్రములు ఉపయోగపడును.

ఈస్టు అనగా నేమి?

ఈస్టు ఒక్క కణము మాత్రమే గల శిలీంధ్రము. కణము పొడవు సుమారు 5 నుండి 10 మైక్రాన్లు. అనగా వంద కణములను వరుసగా పేర్చినను ఒక మిల్లీమీటరునకు మించదు. బీరునకు, రొట్టెకు వాడు జాతిని శాస్త్రజ్ఞులు సాక్కరోమైసిస్ సెరివిసియే అని పిలుతురు. కణము ప్రక్కన చిన్న మొగ్గ తొడిగి, అది పెరిగి, విడిపోయి మరియొక కణమగును. అనుకూలమైన వేడి, తీపి, గాలి దొరికినచో గంటన్నర, రెండు గంటలలో ఒకటి రెండగును.

ఈస్టు చక్కెరను తిని ఆల్కహాలును, బొగ్గుపులుసు వాయువును విడుచును. మన తాటికల్లు పొంగుటకు కారణము ఇదియే. కల్లు కుండ అడుగున మిగిలిన మడ్డిలోని ఈస్టు మరునాటి నీటిని పులియబెట్టును. పులియని తియ్యని నీరా కావలెననువారు కుండ లోపల సున్నము పూయుదురు. సున్నమున్నచోట ఈ సూక్ష్మజీవులు పెరుగజాలవు. అనగా తోడును వాడుకొనుటయు, తోడును అడ్డుకొనుటయు రెండును మన గీత వృత్తివారికి ఎప్పుడో తెలియును.

బీరునకు మూలవస్తువు బార్లీ. గింజలను నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టి, పిండిచేసి, వేడినీటిలో ఊరవేయుదురు. మొలకలోని ఎంజైములు పిండిపదార్థమును చక్కెరగా మార్చును. ఈ తియ్యని రసమును హాప్స్ అను చేదు పూతతో కాచి, చల్లార్చి, ఈస్టు కలుపుదురు. పులియుట ముగియుసరికి ఈస్టు వేసినదానికి మూడు నాలుగు రెట్లు పెరిగి, అడుగున మడ్డిగా దిగును. కుంచము విత్తి పుట్టి పండించుకొన్నట్లు, ఒక కాపు నుండి మూడు నాలుగు కాపులకు చాలు విత్తనము చేతికి వచ్చుచున్నది. దీనిని పారబోయుట విత్తనపు వడ్లను తవుడు క్రింద పోయుట వంటిది.

నార్వే రైతుల క్వైక్

పడమటి నార్వేలోని వోస్, హార్డాంగర్, సున్‌మూరె, హొర్నిన్‌డాల్ ప్రాంతములు సముద్రపు పాయలకును, నిటారు కొండలకును మధ్యనున్నవి. రైతులు బార్లీ పండించుకొని, మొలకకట్టించి, జూనిపర్ కొమ్మలు వేసి కాచిన నీటితో బీరు తయారుచేసెడివారు. వారి ఈస్టునకు క్వైక్ అని పేరు. ఈ మాటకు నిప్పు రాజేయుట అను అర్థముతో సంబంధమున్నది. పొయ్యి ఆరినప్పుడు పొరుగింటి నుండి నిప్పు తెచ్చుకొన్న మన పెద్దలకు ఈ పేరు వెంటనే బోధపడును.

వారికి ఒక చిక్కు ఉండెడిది. బీరు కాచుట ఏడాది పొడవున జరిగెడి పని కాదు. క్రిస్మసు పండుగకు ఒకమారు, ఎండకాలపు గడ్డికోతలకు ఒకమారు, పెండ్లికో చావుకో మరియొకమారు కాచెడివారు. రెండు కాపుల నడుమ నెలల తరబడి ఈస్టును బ్రతికించుకొనవలెను. రిఫ్రిజిరేటరు లేదు. అందుచే వారు ఎండబెట్టు పద్ధతిని అనుసరించిరి.

చిన్న చిన్న కొయ్యముక్కలను ఒకదానిలో ఒకటి గ్రుచ్చి గొలుసు కడియమువలె చేసెడివారు. కొందరు కొయ్యదుంగకు తొలులు తొలిచెడివారు. మరికొందరు గడ్డితో అల్లిన చుట్టను, నారగుడ్డను వాడిరి. వీనిని పులియుచున్న బీరులో ముంచి తీసి, పొడిచోట వ్రేలాడదీసెడివారు. సందులలో చేరిన ఈస్టు అచటనే ఎండి, నిద్రపోయిన గింజవలె ఉండెడిది. తరువాతి కాపునకు ఆ కడియమును గోరువెచ్చని రసములో ముంచినచో మేలుకొనును.

ఇట్లు ఎన్ని తరములు గడచినవో చెప్పజాలము గాని, ఫలితము మాత్రము శాస్త్రజ్ఞుల కంటబడినది. 2018లో ప్రచురితమైన జన్యు పరిశోధనలో క్వైక్ ఈస్టులు బీరు పరిశ్రమలోని తక్కిన ఈస్టుల నుండి వేరైన ఒక ప్రత్యేక వంశమని తేలినది. సామాన్యపు ఎయిల్ బీరు ఈస్టు 18 నుండి 22 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో చక్కగా పనిచేయును. అంతకు మించినచో వాసన చెడును. క్వైక్‌ను 30 నుండి 40 డిగ్రీల వేడిలో వేసినను రుచి చెడక, ఒకటి రెండు దినములలో పని చాలవరకు ముగించును. దీని కణములలో ట్రెహలోజు అను చక్కెర అధికముగా నిలువయుండునని 2022లో వెలువడిన మరియొక పరిశోధన తెలిపినది. ఎండిపోయినప్పుడు కణపు పొరను కాపాడునది ఈ చక్కెరయే.

దీనిలోని మర్మము రైతులకు సులభముగా బోధపడును. ప్రతి కాపులోను ఎండుటకు తట్టుకొన్న కణములే మిగిలినవి. వేడికి తట్టుకొన్నవే పెరిగినవి. మంచి బీరు ఇచ్చిన ఇంటి ఈస్టునే ఊరివారు అడిగి పట్టుకొనిపోయిరి. ఎవరును సూక్ష్మదర్శినిలో చూడలేదు. అయినను బరువైన కంకిని ఎన్నుకొని విత్తనము కట్టిన మన పూర్వులు వరి రకములను తీర్చినట్లే, వారును ఈస్టును తీర్చుకొనిరి.

పొరుగింటి పాలు

తోడు చెడిపోయిన ఇంటివారు పొరుగింటికి పోయి అడిగి తెచ్చుకొనెడివారు. అడిగినవారికి లేదనకుండుట మర్యాద. దీనిని కేవలము మంచితనమనుకొనరాదు. పొరుగింట ఉన్న పాలు తన ఇంటి తోడునకు కాపుదల. తన ఇంట బూజు పట్టినను, ఇల్లు కాలినను, వంశము నశించదు.

20వ శతాబ్దములో పట్టణపు దుకాణములలో రొట్టె ఈస్టు చవుకగా దొరకుటయు, సీసాలలో బీరు అమ్ముటయు మొదలైన తరువాత అనేక గ్రామములలో కడియములు అటుకల మీద దుమ్ము పట్టినవి. ఒక ఇల్లు మానుకొన్నచో నష్టము కనబడదు. ఊరంతయు మానుకొన్నప్పుడు అడిగి తెచ్చుకొనుటకు పొరుగిల్లే లేకపోయెను. ఇట్లు పోయిన ఈస్టులు తిరిగి రావు. కొద్ది ఇండ్లవారు మాత్రము పట్టువిడువక ఉంచుకొన్నందుననే నేడు లోకమంతటను క్వైక్ మాట వినబడుచున్నది. మన మెట్ట భూములలో ఎన్ని దేశవాళీ వరులు, జొన్నలు ఇట్లే కనుమరుగైనవో పెద్దలకు తెలియును.

శుద్ధమైన ఈస్టు ఎట్లు వచ్చినది?

పొరుగుననే ఉన్న డెన్మార్కులో సమస్య వేరు. కోపెన్‌హాగెన్ నగరములోని కార్ల్స్‌బర్గ్ బీరు కర్మాగారములో 1880 ప్రాంతమున బీరు చెడు రుచి పట్టసాగెను. ఆ కర్మాగారపు ప్రయోగశాలలోని ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ అను శాస్త్రజ్ఞుడు మంచి ఈస్టులో అడవి ఈస్టులు కలిసిపోవుటయే కారణమని కనుగొనెను. 1883లో అతడు ఒకే ఒక కణమును వేరుచేసి, దాని సంతతిని మాత్రమే పెంచి, శుద్ధమైన తోడును తయారుచేసెను. యజమాని జాకబ్‌సన్ ఆ ఈస్టును దాచుకొనక ఇతర కర్మాగారములకును ఇచ్చెను.

హాన్సెన్ చేసినది ఒక మొక్క నుండి బ్రీడరు విత్తనము కట్టుట వంటిది. నార్వే రైతు చేసినది అనేక మొక్కల మిశ్రమమును ఏటేట ఎన్నుకొనుట వంటిది. ఒక ఇంటి క్వైక్‌లో పలు తెగల ఈస్టులు కలిసియుండుట కద్దు. శుద్ధమైనది ఎప్పుడును ఒకే ఫలితమునిచ్చును. మిశ్రమము ఒడిదుడుకులకు తట్టుకొనును. రెండింటికిని తగిన చోటు కలదు.

మడ్డిని తీయు విధానము

విత్తనపు పొలమును కోతకు ముందే ఎన్నుకొందుము. ఈస్టు విషయములోను అంతే. చక్కగా పొంగి, మంచి వాసనతో, సకాలములో ముగిసిన కాపు నుండి మాత్రమే మడ్డి తీయవలెను. మిక్కిలి ఘాటైన బీరు నుండి తీయరాదు. అధిక ఆల్కహాలు వలన కణములు నీరసించి యుండును. హాప్స్ అధికముగా వేసినదాని నుండియు తీయరాదు. పులుపు తగిలిన కాపు మడ్డిని పూర్తిగా పారవేయవలెను.

తీయుటకు రెండు చోట్లు కలవు.

(1) పై నురుగు: పైకి తేలు స్వభావముగల ఈస్టులకు ఇది తగును. రెండవ, మూడవ దినమున దట్టమైన నురుగు లేచును. మొదట లేచిన గోధుమరంగు తెట్టును తీసి పారవేసి, తరువాత వచ్చు తెల్లని మీగడవంటి నురుగును శుభ్రమైన గరిటెతో తీసికొనవలెను.

(2) అడుగు మడ్డి: పులియుట ముగిసి బీరును వేరు పాత్రలోనికి వంచిన తరువాత అడుగున పొరలు కనబడును. క్రింది పొరలో హాప్స్ తునకలు, చచ్చిన కణములు ఉండును. నడిమి పొర మీగడ రంగులో దట్టముగా నుండును. పై పొరలో ఆలస్యముగా దిగిన కణములుండును. నడిమి పొరనే తీసికొనవలెను.

నడిమి పొరనే ఏల? తొందరగా దిగిన కణములను మాత్రమే ఎన్నుకొనుచు పోయినచో, కొన్ని కాపుల తరువాత ఈస్టు చక్కెరను పూర్తిగా తినకముందే అడుగునకు దిగు అలవాటు పడును. బీరు తీపిగా మిగిలిపోవును. ఆలస్యముగా దిగినవానినే ఎన్నుకొన్నచో బీరు ఎన్నటికిని తేటపడదు. తెలియక చేసిన ఎన్నికయు ఎన్నికయే. ముందు పండిన కంకులనే ఏటేట కోసి విత్తనమునకు ఉంచినచో రకము పంటకాలము మారినట్లే ఇదియు జరుగును.

పరిశుభ్రత

ఈస్టునకు కలుపు మొక్కలు బాక్టీరియాయు, అడవి ఈస్టులును. పొలములో కలుపు కనబడును, పెరుకవచ్చును. ఇచట కనబడదు, పెరుకజాలము. కావున రానీయకుండుటయే మార్గము. గాజుసీసాలు, గరిటెలు, మూతలు మొదట సబ్బుతో కడిగి మురికి వదలించి, పిమ్మట పదిహేను నిమిషములు నీటిలో మరిగించవలెను. మురికిపాత్రను మరిగించిన లాభము లేదు. చేతులు కడుగుకొని, గాలి వీచనిచోట, వీలైనంత త్వరగా పని ముగించవలెను. వాడు నీరు మరిగించి చల్లార్చినదై యుండవలెను. వేడి సీసాలో మడ్డి పోసినచో ఈస్టు చచ్చునని మరువరాదు.

నిలువచేయు పద్ధతులు

(అ) తడిగా నిలువచేయుట: మడ్డిని సీసాలో మూడు వంతులు మించకుండ పోసి, దాని పైన కొద్దిగా ఆ బీరునే ఉంచవలెను. బీరులోని ఆమ్లము, ఆల్కహాలు, హాప్స్ చేదు బాక్టీరియాను అరికట్టును. కొందరు మడ్డిని మరిగించి చల్లార్చిన నీటితో కడిగి నీటిలోనే దాచుదురు. దీనివలన తునకలు వేరగును గాని పై రక్షణ పోవును. ఇంటివాడుకలో బీరు క్రిందనే ఉంచుట మేలు. సీసాను రిఫ్రిజిరేటరులో 1 నుండి 4 డిగ్రీల చలిలో ఉంచవలెను; గడ్డకట్టనీయరాదు.

మూతను బిగించరాదు. ఈస్టు చలిలో సైతము కొంత వాయువును విడుచుచుండును. బిగించిన గాజుసీసా పగిలి కండ్లకు, చేతులకు గాయములగు ప్రమాదము కలదు. మూతను వదులుగా ఉంచి, సీసా మీద తేదీయు, ఎన్నవ కాపు అనియు వ్రాసి అంటించవలెను.

ఇట్లుంచిన మడ్డిని ఒకటి రెండు వారములలో వాడుట ఉత్తమము. ఈస్టు నిద్రలో నున్నను తన గ్లైకోజెను నిలువను తినుచునే యుండును. నెల గడచినచో ప్రాణమున్న కణముల పాలు బాగుగా తగ్గును. వేసవిలో మన ఇండ్లలో నలబై డిగ్రీల వేడి ఉన్నప్పుడు రిఫ్రిజిరేటరు వెలుపల ఉంచిన మడ్డి కొద్ది దినములలోనే కుళ్లును.

(ఆ) ఎండబెట్టి నిలువచేయుట: ఇది క్వైక్‌నకు చక్కగా సరిపడును. నేడు నార్వే రైతులు మడ్డిని నూనె కాగితము మీద పలుచగా పూసి, శరీరపు వేడికి మించని గాలిలో ఒకటి రెండు దినములు ఆరనిత్తురు. పెళుసుగా విరిగినప్పుడు పొరలుగా తీసి, గాలి చొరని సంచిలో పెట్టి శీతలపెట్టెలో దాచుదురు. తీక్షణమైన ఎండలో పెట్టిన ఈస్టు ఎండక ముందే చచ్చును. సగము ఆరిన దానికి బూజు పట్టును. విత్తనపు వడ్లను తేమ 13 శాతమునకు తగ్గనిదే గాదెలో పోయము గదా! అదే నియమము ఇచటను వర్తించును. సామాన్యపు బీరు ఈస్టులను ఇంట ఎండబెట్టినచో చాలవరకు చచ్చును. ఫ్యాక్టరీలలో వీనిని ఎండబెట్టుటకు ప్రత్యేక యంత్రములు కలవు.

మనదేశములోను ఎండిన తోడులు కలవు. జార్ఖండ్, ఒడిశా గిరిజనుల హండియాకు వాడు రాను బిళ్లలు, మణిపూరులోని హమేయ్, సిక్కిం, నేపాలులలోని మార్చా – ఇవి బియ్యపుపిండితో చేసి ఆరబెట్టిన తోడులే. వీనిలో ఈస్టుతో పాటు పిండిని చక్కెరగా మార్చు బూజులును ఉండును.

(ఇ) ప్రయోగశాల పద్ధతులు: గాజునాళికలోని అగార్ మీద ఈస్టును పెంచి 4 డిగ్రీల చలిలో ఉంచి, కొన్ని నెలలకొకమారు క్రొత్త నాళికలోనికి మార్చుదురు. దీర్ఘకాలమునకైనచో 15 నుండి 20 శాతము గ్లిసరాల్ కలిపి, సున్నకు క్రింద 80 డిగ్రీల చలిలో ఉంచుదురు. లేదా గడ్డకట్టించి ఎండబెట్టి గాజుగుళికలలో మూయుదురు. గ్లిసరాల్ లేకుండ గడ్డకట్టించినచో మంచు ముక్కలు కణములను చీల్చివేయును.

తిరిగి వాడుట

20 లీటర్ల సామాన్యపు బీరునకు దాదాపు 20,000 కోట్ల కణములు కావలెను. చిక్కని మంచి మడ్డి ఒక మిల్లీలీటరులో సుమారు 100 కోట్లుండును. అనగా సుమారు 200 మిల్లీలీటర్లు, ఒక పెద్ద గ్లాసెడు, చాలును. తక్కువైనచో పులియుట ఆలస్యమై, ఆ వ్యవధిలో కలుపు పెరుగును. పలుచగా నాటిన చేనిలో గడ్డి లేచినట్లే. మరీ ఎక్కువైనచో క్రొత్త కణములు పుట్టక, ముసలి కణములే మిగులును.

నెల దాటిన మడ్డిని నేరుగా వేయక, నారు పోసినట్లు మొదట పెంచవలెను. లీటరు నీటిలో 100 గ్రాముల మాల్టు పొడి కలిపి, పదిహేను నిమిషములు మరిగించి, చల్లార్చి, మడ్డిని కలిపి, ఒకటి రెండు దినములు అప్పుడప్పుడు కుదుపుచుండవలెను. నురుగు లేచి అడుగున తెల్లని పొర దిగినచో విత్తనము బ్రతికియున్నట్లు. లేవనిచో పారవేయవలెను. ఇది మనము విత్తుటకు ముందు గోనెసంచిలో గింజలు చుట్టి మొలకశాతము చూచుట వంటిది.

ప్రయోగశాలలో మిథిలిన్ బ్లూ అను రంగుతో పరీక్షింతురు. చచ్చిన కణము నీలమగును. బ్రతికినది రంగును విరిచి తెల్లగా నుండును. నూటికి 90 పైబడి తెల్లగా నున్నచో మంచి ఈస్టు.

ఈస్టు వేయునపుడు చల్లారిన రసమును బాగుగా కుదిపి గాలి పట్టింపవలెను. క్రొత్త కణములకు పొర కట్టుకొనుటకు ప్రాణవాయువు కావలెను. పులియుట మొదలైన పిమ్మట గాలి తగులనీయరాదు.

ఎన్ని కాపులు వాడవచ్చును? కర్మాగారములలో సాధారణముగా 5 నుండి 10 కాపులు వాడి, మరల శుద్ధమైన మూలపు ఈస్టునకు పోవుదురు. కాలక్రమమున మార్పులు, కల్తీలు చేరుటయే కారణము. వరిలో రైతు సొంత విత్తనమును రెండు మూడేండ్లు వాడి, పిమ్మట ధ్రువీకరణ విత్తనము తెచ్చుకొనవలెనని చెప్పుట ఇందుకే. పరిశుభ్రత చాలని ఇంట మూడు నాలుగు కాపులతో ఆపుట మేలు.

చెడిన మడ్డి గుర్తులు

1. మీగడ రంగు పోయి ముదురు గోధుమరంగునకు తిరుగుట: కణములు చచ్చి కరగుచున్నవి.
2. మాంసము, రబ్బరు లేదా కుళ్లిన గ్రుడ్డు వాసన: పై కారణమే.
3. పెరుగు లేదా వెనిగరు పులుపు: బాక్టీరియా చేరినవి.
4. పైన బూజు, గులాబిరంగు మచ్చలు, తెల్లని ముడతల పొర: కల్తీ.
5. రసములో వేసిన 24 గంటలకును నురుగు లేకుండుట: బలము చాలదు.

సందేహమున్నప్పుడు పారవేయుటయే లాభము. 200 మిల్లీలీటర్ల మడ్డికి ఆశపడి 20 లీటర్ల కాపును చెడగొట్టుకొనరాదు.

ఒక పాలు వేరుచోట ఉంచవలెను

ఇది ఈ పాఠములోని ముఖ్య విషయము. లండను నగరములోని ట్రూమన్ బీరు కర్మాగారము వారు 1958లో తమ ఈస్టును బ్రిటను జాతీయ ఈస్టు భాండాగారములో దాచిరి. 1989లో కర్మాగారము మూతపడినది. 2010లో ఆ పేరుతో మరల పని ప్రారంభించినవారికి ఆ భాండాగారము నుండి పాత ఈస్టు ప్రాణముతో దొరికినది. భవనము పోయినను, యంత్రములు పోయినను, పని చేసినవారు చెదరినను, వేరుచోట ఉంచిన ఒక్క పాలు వలన విత్తనము మిగిలినది. నార్వే గ్రామములో పొరుగిల్లు చేసిన పనినే ఇచట భాండాగారము చేసినది.

మనదేశములో పూనాలోని ఎన్.సి.ఐ.ఎం., 1986లో చండీగఢ్‌లో నెలకొల్పిన ఎం.టి.సి.సి. అను సంస్థలు ఇట్టి సూక్ష్మజీవుల భాండాగారములు. పరిశోధకులు, పరిశ్రమలవారు అచటి నుండి శుద్ధమైన తోడులను పొందుచున్నారు.

మన ఇంటికి, పొలమునకు

పెరుగు తోడు: పులిసిన పెరుగు నుండి కాక, సరిగా తోడుకొన్న తియ్యని పెరుగు నడిమి భాగము నుండి తోడు తీయవలెను. శుభ్రమైన చెంచా వాడవలెను. ప్రయాణము వెళ్లునపుడు కొంత తోడు పొరుగింట ఇచ్చిపోవు మన ఆడవారి అలవాటు నార్వే రైతుల నీతియే.

రైజోబియం: కంది, వేరుసెనగ, సెనగ విత్తనములకు పట్టించు 200 గ్రాముల పొట్లములో నుండునది ప్రాణముగల బాక్టీరియా. ఎరువుల మూటల నడుమ, రేకుల షెడ్డులో, ఎండ తగులు కిటికీ ప్రక్కన ఉంచినచో పొట్లములో బొగ్గుపొడి మాత్రమే మిగులును. కొనునపుడు గడువు తేదీ చూడవలెను. చల్లని నీడలో దాచవలెను. చల్లార్చిన బెల్లపు పాకముతో పట్టించి, నీడను ఆరబెట్టి, ఆ దినముననే విత్తవలెను. శిలీంధ్రనాశకముతో కలుపరాదు. విప్పిన పొట్లమును మరుసటి కారునకు దాచరాదు.

ట్రైకోడెర్మా: 90 కిలోల చివికిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా కలిపి, తేమ చిలికి, నీడలో గోనె కప్పి వారము పది దినములు ఉంచి వృద్ధిచేయుట రైతులకు తెలిసినదే. కొందరు ఆ కుప్పలోనిదే కొంత మిగిల్చి మరుసటి కుప్పకు తోడుగా వాడుచున్నారు. ఒక్క కుప్ప నుండి మరొక కుప్పకు పోవుకొలది ఇతర బూజులు చేరి, అసలుది తగ్గును. పెరుగు వలె రుచిచూచి కనిపెట్టు వీలు దీనికి లేదు. కావున ప్రతిసారి క్రొత్త పొట్లముతో మొదలుపెట్టవలెను. పరీక్షించు వీలున్న తోడును తిరిగి వాడవచ్చును. వీలులేనిదానిని మూలమునుండియే తెచ్చుకొనవలెను.

గుర్తుంచుకొనవలసినవి

1. మంచి కాపు నుండియే తోడు తీయవలెను.
2. నడిమి పొరను ఎన్నుకొనవలెను.
3. పాత్రలు కడిగి, పిమ్మట మరిగించవలెను.
4. తడిదైనచో చలిలో, మూత వదులుగా. ఎండినదైనచో పూర్తిగా ఎండించి, తేమ తగులకుండ దాచవలెను.
5. తేదీ, కాపు సంఖ్య వ్రాయవలెను.
6. వాడుటకు ముందు బ్రతికియున్నదో లేదో పరీక్షింపవలెను.
7. కొన్ని కాపుల తరువాత మూలవిత్తనమునకు పోవలెను.
8. ఒక పాలు ఎప్పుడును వేరొక ఇంట ఉంచవలెను.

ప్రశ్నలు

1. తొందరగా దిగిన మడ్డినే ఎన్నుకొనుచుపోయిన ఏమగును?
2. మడ్డి సీసా మూతను బిగించరాదనుటకు కారణమేమి?
3. క్వైక్ ఎండిపోయినను బ్రతుకుటకు కారణమైన చక్కెర ఏది?
4. మీ ఇంట లేదా మీ పొలములో ఒక్కచోట మాత్రమే ఉన్న విత్తనముగాని తోడుగాని ఏది? దానిని ఈ కారులో ఎవరికి ఇచ్చి ఉంచెదరు?